టాలీప్రైమ్ కొత్త రిలీజ్ వచ్చినప్పుడు ఏం చూడాలి, ఎలా వాడుకోవాలి

కొత్త రిలీజ్ (వెర్షన్) వచ్చిందన్న సూచన తెర మీద కనబడగానే, వ్యాపార లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ టాలీప్రైమ్‌ను అప్‌డేట్ చేసి, మర్నాటి నుంచి మళ్లీ పాత పద్ధతిలోనే పని సాగించడం చాలా దుకాణాల్లోనూ చిన్న కార్యాలయాల్లోనూ మామూలే. అకౌంటెంటు కొనుగోలు బిల్లులను ఎప్పటిలాగే జీఎస్‌టీఆర్-2బీ (సరఫరాదారులు చూపిన బిల్లులను బట్టి మనకు రావాల్సిన పన్ను క్రెడిట్‌తో జీఎస్‌టీ పోర్టల్ తయారుచేసే జాబితా) పక్కన ఎక్సెల్‌లో పెట్టి సరిచూస్తుంటాడు, బ్యాంకు స్టేట్‌మెంటులో ఒక్కొక్క వరుసకూ టిక్కు పెడుతుంటాడు. ఆ రెండు పనులూ తగ్గించే సదుపాయాలు అదే సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చి చేరినా ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు. అందుకే రిలీజ్ నోట్స్ (కొత్త రిలీజ్‌లో ఏం మారిందో చెప్పే పత్రం) చదవడానికి ముందు మన పనినే ఒకసారి చదువుకోవాలని నా గట్టి అభిప్రాయం.

యజమాని, అకౌంటెంటు ఒక సాయంత్రం కలిసి కూర్చుని, టాలీ బయట చేస్తున్న పనులన్నీ కాగితం మీద రాయాలి. ఎక్సెల్‌లో ఏ లెక్కలు ఉన్నాయి, ఒకే అంకెను రెండు చోట్ల ఎక్కడ ఎక్కిస్తున్నాం, బాకీదారులకు స్టేట్‌మెంటు ఎలా పంపుతున్నాం, నెలాఖరున ఏ పని దగ్గర ఆలస్యమవుతోంది అన్నవి అందులో రావాలి. ఆ కాగితం పక్కన పెట్టుకుని చూస్తే రిలీజ్ నోట్స్‌లోని ఇరవై అంశాల్లో మనకు పనికొచ్చేవి రెండో మూడో తేలతాయి. మిగతావాటిని నిశ్చింతగా వదిలేయవచ్చు.

ఖమ్మంలో ఒక దుకాణం, విజయవాడలో మరొకటి ఉన్న వ్యాపారినే తీసుకుందాం. ఒకే పాన్ మీద 36తో మొదలయ్యే తెలంగాణ జీఎస్‌టీ నంబరు ఒకటి, 37తో మొదలయ్యే ఆంధ్రప్రదేశ్ నంబరు ఒకటి ఆయనకు ఉంటాయి. వీటి కోసం టాలీలో రెండు కంపెనీలు తెరిచి, సంవత్సరాంతంలో రెండింటి లెక్కలూ కలుపుకోవడం చాలామందికి అలవాటు. 2023లో వచ్చిన 3.0 రిలీజ్ నుంచి ఒకే కంపెనీలో రెండు నంబర్లనూ నమోదు చేసుకుని, రిటర్నులను దేనికది విడిగా చూసుకోవచ్చు. విజయవాడ నుంచి ఖమ్మానికి సరుకు పంపితే అది చట్టం దృష్టిలో రెండు వేర్వేరు రిజిస్ట్రేషన్ల మధ్య జరిగిన సరఫరా కాబట్టి ఐజీఎస్‌టీతో (రాష్ట్రాల మధ్య సరఫరా మీద పడే జీఎస్‌టీతో) బిల్లు వేయాల్సిందే. బిల్లు నంబర్ల వరుస కూడా ఏ రిజిస్ట్రేషన్‌కు ఆ రిజిస్ట్రేషన్ విడిగా ఉంచి, పదహారు అక్షరాలు దాటకుండా చూసుకోవాలి. ఈ మార్పును సంవత్సరం మధ్యలో మొదలుపెట్టడం మంచిది కాదు. ఏప్రిల్ 1న ప్రారంభ నిల్వలతో మొదలుపెడితే ఆడిటరుకూ మనకూ గందరగోళం ఉండదు.

4.0 రిలీజ్‌తో వచ్చిన ఎక్సెల్ దిగుమతి, నా దృష్టిలో, ఎక్కువ మందికి ఎక్కువ మేలు చేసే సదుపాయం. బిల్లింగ్ మరో సాఫ్ట్‌వేర్‌లో జరిగే చోట రోజుకు వంద అమ్మకాల వోచర్లను (లావాదేవీ నమోదులను) చేత్తో ఎక్కించే శ్రమ దీనితో తప్పుతుంది. ముందు టాలీ ఇచ్చే నమూనా ఎక్సెల్ ఫైలును తెరిచి, మన ఫైలులోని ఏ నిలువు వరుస టాలీలోని ఏ గడికి చెందుతుందో జత చేసి, ఆ జతను పేరు పెట్టి దాచుకోవాలి. లెడ్జర్ పేరులో ఒక చుక్క, ఒక ఖాళీ తేడా వచ్చినా టాలీ దాన్ని వేరే ఖాతాగానే చూస్తుంది కాబట్టి పార్టీల పేర్లు రెండు చోట్లా ఒకేలా ఉన్నాయో లేదో మొదటే సరిచూడాలి. మొదటిసారి ఐదారు వోచర్లు మాత్రమే దిగుమతి చేసి, డేబుక్‌లో (రోజువారీ నమోదుల జాబితాలో) ఒక్కొక్కటీ తెరిచి పన్ను, తేదీ, మొత్తం చూశాకే మిగతావి ఎక్కించాలి. అదే రిలీజ్‌లో వచ్చిన వాట్సాప్ సదుపాయంతో బిల్లులూ బాకీ స్టేట్‌మెంట్లూ నేరుగా పంపవచ్చు కానీ సందేశాలకు రుసుము ఉంటుంది కనుక నెలకు ఎన్ని పంపుతామో లెక్క వేసుకున్నాకే అందులోకి దిగాలి. ఆ రిలీజ్‌లోనే వచ్చిన డాష్‌బోర్డు (ముఖ్యమైన అంకెలను ఒకే తెర మీద చూపేది) చూడముచ్చటగా ఉంటుంది, అయితే రోజూ బాకీల జాబితా చూసే అలవాటున్న యజమానికి దానితో కొత్తగా తెలిసేది తక్కువ.

5.0 రిలీజ్ టాలీని జీఎస్‌టీ పోర్టల్‌తో కలిపింది. పోర్టల్‌లో ఏపీఐ అనుమతిని (బయటి సాఫ్ట్‌వేర్ పోర్టల్‌తో కలవడానికి ఇచ్చే అనుమతిని) ఆన్ చేసి, యూజర్ నేమ్, ఓటీపీలతో టాలీలోంచే లాగిన్ అయితే 2బీని దించుకోవచ్చు, జీఎస్‌టీఆర్-1ను (అమ్మకాల రిటర్నును) ఎక్కించవచ్చు. సాధారణంగా 2బీ నెలకు 14న తయారవుతుంది. జీఎస్‌టీఆర్-3బీ (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను) నెలనెలా దాఖలు చేసేవారికి గడువు 20. ఈ మధ్య ఉన్న కొద్ది రోజుల్లోనే సరిపోలని బిల్లుల గురించి సరఫరాదారులతో మాట్లాడాలి కాబట్టి ఎక్సెల్ పనిలో మిగిలే ప్రతి గంటా విలువైనదే. బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసే పనిని 6.0 చాలావరకు సులువు చేసింది.

ఇక అప్‌డేట్ చేసే సమయం. 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ గడువులు పెట్టుకుని ఆ వారాల్లో కొత్త రిలీజ్ ఎక్కించరాదు. 20 దాటాక ఒక శనివారం సాయంత్రం ఎంచుకోండి. ముందుగా ట్రయల్ బ్యాలెన్స్, ముగింపు సరుకు విలువ, బాకీదారుల మొత్తం, చివరిగా దాఖలు చేసిన నెల జీఎస్‌టీఆర్-1 మొత్తాలు ప్రింటు తీయాలి. ఆల్ట్, వై నొక్కి డేటా మెనూలోంచి బ్యాకప్ తీసి, దాన్ని వేరే డ్రైవ్‌లో ఉంచాలి. 3.0 కంటే ముందున్న డేటాను కొత్త రిలీజ్‌కు మార్చాక అది మళ్లీ పాత రిలీజ్‌లో తెరుచుకోదు కాబట్టి ఈ బ్యాకప్ ఒక్కటే వెనక్కి వచ్చే దారి. అప్‌డేట్ అయ్యాక అవే నాలుగు రిపోర్టులు తీసి, ప్రింటులోని అంకెలతో పైసా సహా సరిపోయాయో లేదో చూడాలి. మీ కోసం ప్రత్యేకంగా రాయించిన టీడీఎల్‌లు (టాలీకి అదనంగా చేర్చే చిన్న ప్రోగ్రాములు) ఉంటే బిల్లు ప్రింటు ఒకటి తీసి పరీక్షించండి. కొత్త రిలీజ్‌లో ముందుగా తేడా వచ్చేది అక్కడే. గోల్డ్ లైసెన్సు (ఎక్కువ కంప్యూటర్లలో వాడుకునే లైసెన్సు) మీద పనిచేసే చోట అన్ని కంప్యూటర్లనూ ఒకే పూట ఒకే రిలీజ్‌కు మార్చాలి.

అప్‌డేట్ చేసినా కొత్త సదుపాయం కనబడలేదని చాలామంది అంటుంటారు. చాలా వాటిని ఎఫ్11 (కంపెనీ సదుపాయాలు)లోనో ఎఫ్12 (సెట్టింగులు)లోనో మనమే ఆన్ చేయాలి. మెనూలో ఎక్కడుందో తెలియకపోతే ఆల్ట్, జి నొక్కి గో టు పెట్టెలో దాని పేరు కొడితే చాలు. నెలకు ఒక్క సదుపాయాన్ని మాత్రమే వాడకంలోకి తెచ్చి, దాన్ని చేసే విధానాన్ని అకౌంటెంటు చేతే తెలుగులో పది వాక్యాల్లో రాయించి కంప్యూటరు దగ్గర ఉంచితే, ఆయన సెలవు పెట్టిన రోజున కూడా పని ఆగదు.

కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థలకు ఒక సదుపాయం విషయంలో మాత్రం ఎంపిక లేదు. ఏ వోచరును ఎవరు, ఎప్పుడు, ఎలా మార్చారో నమోదు చేసే, ఆపడానికి వీల్లేని ఆడిట్ ట్రయల్ ఉన్న సాఫ్ట్‌వేర్‌నే 2023 ఏప్రిల్ 1 నుంచి అవి వాడాలి. టాలీప్రైమ్ ఎడిట్ లాగ్ ఇందుకోసమే వచ్చింది. సొంత వ్యాపారాలకూ భాగస్వామ్య సంస్థలకూ ఈ నిబంధన లేకపోయినా, ఇద్దరు ముగ్గురు వోచర్లు ఎక్కించే చోట మామూలు టాలీప్రైమ్‌లోనే ఎడిట్ లాగ్‌ను ఆన్ చేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. పాత తేదీ బిల్లు ఎందుకు మారిందన్న ప్రశ్నకు జవాబు అందులో దొరుకుతుంది, ఎవరి మీదా అకారణంగా అనుమానం పడదు.

ఇవన్నీ అందాలంటే టాలీ సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ చందా చెల్లుబాటులో ఉండాలి. లైసెన్సు శాశ్వతమే అయినా కొత్త రిలీజ్‌లూ పోర్టల్ అనుసంధానమూ చందాతోనే వస్తాయి, కనుక దాని గడువు తేదీని రిటర్నుల తేదీలు రాసుకునే క్యాలెండరులోనే రాసిపెట్టుకోండి.