కొవ్వు ఎక్కించాక బుగ్గలు బూరెల్లా ఉబ్బిపోయాయా?

నా ఒంట్లోని కొవ్వునే తీసి బుగ్గల్లోకి ఎక్కించే ఆపరేషన్ (ఫ్యాట్ గ్రాఫ్టింగ్) అయిన పదో రోజు కూకట్‌పల్లిలో మా ఇంటి మెట్ల మీద నిలబడి హెల్మెట్ పెట్టుకోబోతే అది బుగ్గల దగ్గరే ఆగిపోయింది. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

సమస్య: మొదటి నెలలో ముఖం గుండ్రంగా, బిగుతుగా ఉంది.
కారణం: చాలావరకు వాపే. పైగా, పొట్ట నుంచో తొడ నుంచో తీసి ఎక్కించిన కొవ్వులో కొంత శరీరం పీల్చేసుకుంటుంది కాబట్టి డాక్టర్లు కాస్త ఎక్కువే పెడతారు.
పరిష్కారం: ఆగండి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి, ఉప్పూ ఊరగాయా తగ్గించండి. డాక్టర్ చెప్పకుండా బుగ్గలు పిసకొద్దు. బుగ్గలను నొక్కే హెల్మెట్ కూడా వద్దు, కొన్నాళ్లు మెట్రోలోనో ఆటోలోనో వెళ్లండి. రెండు వారాలకోసారి అదే కిటికీ పక్కన, అదే దూరం నుంచి ఫోటో తీసుకోండి. రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు. అసలు ఆకారం తేలడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. నాకు ఐదో నెలలో తేలింది.

సమస్య: ఆరు నెలలు దాటినా, నవ్వితే బుగ్గలు పైకి లేచి కళ్లు చిన్నవవుతున్నాయి.
కారణం: కొవ్వు ఎక్కువ నిలబడింది, లేదా ఒకేచోట ఎక్కువ పడింది. ముందు బరువు చూసుకోండి. పొట్ట నుంచి వచ్చిన కొవ్వు బుగ్గలోకి చేరినా పొట్ట కొవ్వులాగే ప్రవర్తిస్తుంది, మీరు బరువు పెరిగితే అదీ పెరుగుతుంది.
పరిష్కారం: బరువు పెరిగి ఉంటే దాన్ని మెల్లగా తగ్గించడంతో మొదలుపెట్టండి. అప్పటికీ తగ్గకపోతే సన్నటి గొట్టంతో కొద్దికొద్దిగా కొవ్వు లాగేసే మైక్రో లైపోసక్షన్ ఉంది. ముఖ నరాలు అక్కడే ఉంటాయి కాబట్టి చెయ్యి తిరిగిన ప్లాస్టిక్ సర్జన్‌తోనే చేయించుకోవాలి. ఒకేసారి ఎక్కువ తీస్తే గుంట పడుతుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. "ఇంజెక్షన్‌తో కరిగించేస్తాం" అని ఎవరైనా అంటే ఏ మందో పేరు అడగండి. ముఖం నింపడానికి వాడే హైలురోనిక్ యాసిడ్ జెల్ ఫిల్లర్లను కరిగించే హైలురోనిడేస్, కొవ్వును కరిగించదు. స్టెరాయిడ్ కొన్నిసార్లు పనిచేస్తుంది కానీ చర్మం పలచబడవచ్చు, గుంట పడవచ్చు. కొవ్వును కరిగించే డీఆక్సీకోలిక్ యాసిడ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది గడ్డం కింది కొవ్వుకే, బుగ్గలకు కాదు.

సమస్య: ఒకచోట గట్టి ఉండ తగులుతోంది.
అతకని కొవ్వు చనిపోయి గట్టిపడటమో, నూనె తిత్తి కట్టడమో అయ్యుండొచ్చు. అల్ట్రాసౌండ్ తీయించండి.

ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం గానీ చీము గానీ వచ్చినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎక్కించిన వెంటనే చూపు మసకబారితే నేరుగా ఎమర్జెన్సీకే.

నాకు చేసిన క్లినిక్‌లో ఎంత కొవ్వు పెట్టారో అడిగితే మాట దాటేశారు. మీరు ఊరుకోవద్దు. ఆపరేషన్ నోట్స్ కాగితం మీద తీసుకోండి, ఏ బుగ్గకు ఎన్ని మిల్లీలీటర్లో అందులో ఉండాలి. జూబ్లీహిల్స్‌లో బోర్డు ఎంత పెద్దదైనా సరే, డాక్టర్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లాంటి డిగ్రీ ఉందా, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉందా చూడండి. రెండో అభిప్రాయానికి హైదరాబాద్‌లోని నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు ఆ నోట్స్, కిటికీ పక్కన తీసిన ఫోటోలు, ఆపరేషన్‌కు ముందు నవ్వుతూ దిగిన ఒక పాత ఫోటో పట్టుకెళ్లండి.