చెన్నై సెంట్రల్‌లో దిగాక లోకల్ రైలు ఎక్కడ ఎక్కాలి?

నెల్లూరు, గూడూరు వైపు నుంచి వచ్చి సెంట్రల్‌లో దిగినవాళ్లు చాలామంది తాంబరం లోకల్ కోసం అక్కడి ప్లాట్‌ఫాంల మీదే వెతుకుతారు. తాంబరం లోకల్ సెంట్రల్‌లోకి రాదు. అక్కడ లోకల్ రైళ్లకు మూడు వేర్వేరు స్టేషన్లున్నాయి: మూర్ మార్కెట్ కాంప్లెక్స్, పార్క్, పార్క్ టౌన్.

వీటిలో మొదటి రెండూ విడివిడిగా ఉండటానికి పాత కంపెనీలే కారణం. 1873లో మొదలైన సెంట్రల్ స్టేషన్ మద్రాసు రైల్వే కంపెనీది, బ్రాడ్‌గేజ్. బీచ్ స్టేషన్ నుంచి తాంబరం వెళ్లే లైను సౌత్ ఇండియన్ రైల్వేది, మీటర్‌గేజ్. దాని మీద 1931లోనే కరెంటు రైళ్లు నడిచాయి. పట్టాల వెడల్పే వేరైనప్పుడు ఒక లైను బండి రెండో లైను మీదికి ఎలా వస్తుంది? 2004లో మీటర్‌గేజ్ లోకళ్లు ఆగిపోయాయి గాని స్టేషన్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

గుమ్మిడిపూండి, సూళ్లూరుపేట వైపు వెళ్లాలన్నా, పెరంబూరు, ఆవడి, అరక్కోణం, తిరుత్తణి వైపు వెళ్లాలన్నా మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌కే వెళ్లాలి. సెంట్రల్ గుమ్మంలో రోడ్డువైపు తిరిగి నిలబడితే కుడిచేతి పక్కన, తెల్లటి రిప్పన్ బిల్డింగ్‌కు ముందే వస్తుంది. పాత పుస్తకాలకు పేరుపడ్డ మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక ఆ స్థలంలోనే దీన్ని కట్టారు. ఉత్తరానికీ పడమరకూ వెళ్లే రైళ్లు రెండూ ఇక్కడి నుంచే బయల్దేరతాయి కాబట్టి ప్లాట్‌ఫాం నంబరు కన్నా రైలు ముందున్న బోర్డు చదవడం ముఖ్యం. తప్పు రైలెక్కామని తెలిస్తే కంగారు పడకుండా బేసిన్ బ్రిడ్జి స్టేషన్‌లో దిగండి. రెండు దారులూ చీలేది అక్కడే. గుమ్మిడిపూండి వైపు నుంచి పెరంబూరు వెళ్లేవాళ్లు కూడా సెంట్రల్ దాకా రాకుండా అక్కడే మారవచ్చు. సూళ్లూరుపేట దాకా వెళ్లే బళ్లు కొన్నే. ఎక్కువ భాగం గుమ్మిడిపూండితో ఆగిపోతాయి. తడ, సూళ్లూరుపేట వెళ్లేవాళ్లు టైము చూసుకోకుండా బయల్దేరకండి.

ఎగ్మూరు, మాంబళం, గిండీ, తాంబరం, చెంగల్పట్టుకు పార్క్ స్టేషన్. సెంట్రల్ ఎదురుగా పెద్ద రోడ్డు దాటాలి. సామానుతో రోడ్డు మీద దాటే సాహసం వద్దు, కింద సబ్‌వే ఉంది. విమానాశ్రయానికి వెళ్లేవాళ్లు తిరుసూలంలో దిగితే ఎదురుగానే ఉంటుంది. పార్క్‌లో జరిగే పొరపాటు ఎదురు దిశ రైలెక్కడం. తర్వాతి స్టేషన్ ఎగ్మూరు అయితే సరైన దారిలోనే ఉన్నారు; ఫోర్ట్ వచ్చిందంటే బీచ్ వైపు పోతున్నారని అర్థం, వెంటనే దిగిపోండి.

ట్రిప్లికేన్, మైలాపూర్, తరమణి, వేళచ్చేరికి పార్క్ టౌన్. ఇది పార్క్‌కు దగ్గర్లోనే, జనరల్ ఆసుపత్రి పక్కన ఉంది. మైలాపూర్‌కు దిగాల్సిన స్టేషన్ పేరు బోర్డుల మీద తిరుమయిలై అని ఉంటుంది.

ఇక టికెట్టు. సెంట్రల్ దాకా తీసుకున్న ఎక్స్‌ప్రెస్ టికెట్టు సెంట్రల్‌తోనే అయిపోతుంది. లోకల్‌కు వేరే తీసుకోవాలి. రెండో తరగతి కనీస ఛార్జీ 5 రూపాయలే. కౌంటర్ దగ్గర వరస పొడుగ్గా ఉంటే టికెట్ మెషిన్ చూడండి. రైల్వేవాళ్ల రైల్‌వన్ యాప్‌లో అయితే స్టేషన్‌లోకి అడుగుపెట్టకముందే తీయాలి. పట్టాల దగ్గరకు వచ్చాక యాప్ ఒప్పుకోదు. అప్పుడు స్టేషన్‌లో అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దారి దొరుకుతుంది. తాంబరానికి బయల్దేరే స్టేషన్‌గా సెంట్రల్ కాకుండా చెన్నై పార్క్ ఎంచుకోవాలి. తీసిన గంటలోపు రైలెక్కాలి. తనిఖీ అధికారికి యాప్‌లోని టికెట్టే చూపించాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు.

పెట్టె ఎక్కేముందు దాని మీద రాసింది చదవండి. ఆడవాళ్ల పెట్టెలు, ఫస్ట్ క్లాస్ పెట్టెలు విడిగా ఉంటాయి. ఫస్ట్ క్లాస్‌లో సీట్లు ఖాళీగా కనబడ్డాయని రెండో తరగతి టికెట్టుతో కూర్చుంటే ఛార్జీ తేడాతో పాటు కనీసం 250 రూపాయలు జరిమానా పడుతుంది. 2025 ఏప్రిల్‌లో బీచ్–చెంగల్పట్టు లైనులో మొదలైన ఏసీ లోకల్‌కు కూడా మామూలు టికెట్టు పనికిరాదు, దాని కనీస ఛార్జీ 35 రూపాయలు. ఆదివారం అన్ని లైన్లలోనూ రైళ్లు తగ్గుతాయి కాబట్టి ఆ రోజు ఊరికి తిరుగు ప్రయాణమైతే సెంట్రల్‌కు అరగంట ముందుగా చేరేలా బయల్దేరండి.