రహీమ్ సాబ్ బాటలో: కాలేజీ ఆటగాడు కోచ్‌గా మారాలంటే

కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు ఆడినంత మాత్రాన ఎవరూ కోచ్ అయిపోరు. తన కాలికి పట్టుబడినదాన్ని ఇతరుల కాలికి పట్టించడం వేరే విద్య. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడి, బడిలో పాఠాలు చెప్పి, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, దానితోపాటు భారత జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ను చూసి ఆ విద్యను నేర్చుకోవచ్చు.

ముందుగా శిక్షణ పొందండి. రహీమ్ సాబ్ వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు; ఇప్పుడైతే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకిచ్చే డి లైసెన్స్ అనే అర్హతపత్రంతో మొదలుపెట్టవచ్చు.

మైదానంలో మొదటి పని, బంతిని కాలి దగ్గరే అట్టేపెట్టుకునే అలవాటు మాన్పించడం. ఆయన డ్రిబ్లింగ్‌కు, అంటే బంతిని కాలితో తోసుకుంటూ పోవడానికి, వీల్లేని పోటీలు, వాటంలేని కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టించేవారు. మీరు సగం మైదానంలో ఐదుగురు చొప్పున రెండు జట్లను నిలబెట్టి, బంతి అందుకున్నవారు ఒకసారి ఆపి, రెండోసారి తాకగానే తోటివారికి అందించాలని నియమం పెట్టండి. మరోరోజు కుడికాలి వాటం ఉన్నవాళ్లను ఎడమకాలితోనే ఆడించండి. మొదట్లో బంతి గీత దాటి ఎటో పోతుంది, పిల్లలు విసుక్కుంటారు, మీకేమో చేతిలోని ఈల పక్కన పెట్టి స్వయంగా ఆడి చూపాలని కాళ్లు లాగుతాయి. ఆగండి. మాజీ ఆటగాడిలో చావని ఈ ఉబలాటమే మంచి కోచ్‌కు పెద్ద అడ్డంకి అని నా అభిప్రాయం.

ఓటమిని దాచకండి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, చాలామంది బూట్లు లేకుండా ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే రహీమ్ శిక్షణలో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచాం.

ఆటగాణ్ని ఒకే స్థానానికి కట్టేయకండి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ (వెనకవరుసలో గోల్‌ను కాపాడే ఆటగాడు) జర్నైల్ సింగ్‌ను రహీమ్ ముందువరుసకు పంపారు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్లో ఒక గోల్ జర్నైల్‌దే. తలకు దెబ్బ తగిలినవారిని ఆడించడం ఈనాడు ముమ్మాటికీ తగదు. నేర్చుకోవలసింది ఆ స్థానమార్పు వెనకున్న ఎరుకను. అందుకే సీజన్‌లో ఒక్కసారైనా ప్రతి ఆటగాణ్ని అలవాటులేని చోట ఆడించి, మీకు కనబడినదాన్ని అతని పేరు కింద నోటుపుస్తకంలో రాసుకోండి.