డార్జిలింగ్ బి-క్లాస్ ఇంజన్: నీళ్ల తంటాలు, వాటి మందు

1889 నుంచి నడుస్తున్న ఈ రెండడుగుల గేజి కొండ రైలు ఆవిరి ఇంజన్‌ను దారిలో ఆపేవాటిలో మొదటి అనుమానం నీళ్ల మీదే పెట్టుకోవాలి.

సమస్య: ఇంజెక్టర్ (ఆవిరి బలంతో ట్యాంకు నీళ్లను బాయిలర్‌లోకి తోసే పరికరం) పట్టడం లేదు, ఓవర్‌ఫ్లో పైపు ఆవిరి కక్కుతోంది.

ఆవిరి కట్టేసి, ఇంజెక్టర్ బాడీని తడిగుడ్డతో తాకి చూడండి. అప్పటికీ కాలుతుంటే క్లాక్ వాల్వ్ (నీళ్లను బాయిలర్‌లోకే పోనిచ్చి వెనక్కి రానివ్వని వాల్వ్) సరిగా కూర్చోలేదు, బాయిలర్ ఆవిరి వెనక్కి తంతోందన్నమాట. వాల్వ్ పెట్టెను చెక్క సుత్తితో మెల్లగా తట్టి, ఇంజెక్టర్ మీద చన్నీళ్లు పోసి, ముందు నీళ్లు, ఆ తర్వాత ఆవిరి వదలండి. మళ్లీ మళ్లీ ఇదే అయితే బాయిలర్ చల్లారాక వాల్వ్, సీటు గ్రైండింగ్ పేస్టుతో అరగదీయాల్సిందే.

బాడీ చల్లగానే ఉందా? ట్యాంకు జాలీలో ఆకులు, తుప్పు అడ్డుపడ్డాయేమో చూడండి. పట్టినట్టే పట్టి వదిలేస్తుంటే నీళ్ల పైపు జాయింటులో గాలి పీలుస్తోంది. ఇంకోటి చాలామందికి తట్టదు: శాడిల్ ట్యాంకు బాయిలర్ మీదే కూర్చుంటుంది కాబట్టి బండి ఎక్కువసేపు నిలబడితే అందులో నీళ్లు వేడెక్కుతాయి. చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లను ఇంజెక్టర్ తీసుకోదు. వాటర్ కాలమ్ (ఇంజన్‌కు నీళ్లు పట్టే స్తంభం) దగ్గర చన్నీళ్లు కలపడమే మార్గం.

ఇవేవీ కాకపోతే ఇంజెక్టర్ లోపలి కోన్లలో (సన్నబడే గొట్టాల్లో) గార. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి చెక్కపుల్లతో తీయండి. ఇనుప పుల్ల పెడితే రంధ్రం కొలత చెడి, ఇంజెక్టర్ ఇక పనికిరాదు.

రెండు ఇంజెక్టర్లూ మొరాయించి గేజ్ గ్లాసులో (బాయిలర్ నీటిమట్టం చూపే గాజు గొట్టంలో) నీళ్లు కనబడకుండా పోతే, కొత్త నీళ్లు ఎక్కించొద్దు. నిప్పు దించేయండి.

సమస్య: ఘుమ్ (ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్) దాటగానే గ్లాసులో నీళ్లు పడిపోయాయి.

ఇది లీకు కాదు, వాలు. పొగగొట్టం ముందుంచి ఎక్కేటప్పుడు నీళ్లు వెనక ఫైర్‌బాక్స్ (నిప్పు మండే పెట్టె) వైపు చేరి, గ్లాసు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. 25కు 1 వాలులో బాయిలర్ మీటరు పొడవుకు 4 సెంటీమీటర్ల తేడా. దిగుడు మొదలవగానే అది తిరగబడుతుంది, ఫైర్‌బాక్స్ కప్పు బయటపడి దానిలోని లెడ్ ప్లగ్ (సీసపు బిరడా) కరిగే ప్రమాదం. శిఖరానికి ముందే ముప్పావు గ్లాసు ఉండేలా చూసుకోండి.

అలాగని నిండా నింపితే ప్రైమింగ్, అంటే ఆవిరితోపాటు నీళ్లూ సిలిండర్లలోకి పోతాయి: చప్పుడు మందగించి పొగగొట్టం నుంచి మురికినీళ్లు చిమ్ముతాయి. వెంటనే రెగ్యులేటర్ (సిలిండర్లకు ఆవిరి వదిలే వాల్వ్) తగ్గించి సిలిండర్ కాక్‌లు (నీళ్లు బయటికి వదిలే కొళాయిలు) తెరవండి. నీళ్లు నొక్కుడుపడవు, సిలిండర్ మూతే పగులుతుంది.

సమస్య: చక్రాలు జారుతున్నాయి.

ముందు రెగ్యులేటర్ మూయండి, చక్రాల తిరుగుడు ఆగాకే ముందుభాగంలో కూర్చున్నవాళ్లను ఇసుక చల్లమనండి. గిర్రున తిరిగే చక్రం కింద ఇసుక పడితే ఒక్కసారిగా పట్టు దొరికి రాడ్లు వంగుతాయి.