విభక్తిని నమ్ముకోకుండా ఇంగ్లీషు క్రియకు తగిన ప్రిపోజిషన్‌ను పట్టుకొనే విధానం

కోనసీమ బడులలో పిల్లలు రాసే సెలవు చీటీలలో ‘సఫరింగ్ విత్ ఫీవర్’ అన్న మాట తరచుగా కనబడుతుంది. పదవ తరగతి దాటేవరకు నేనూ అలాగే రాశాను. జ్వరంతో బాధపడుతున్నాం కనుక ‘తో’ ఉన్నచోట ‘విత్’ రావాలన్నది మన లెక్క. ఇంగ్లీషులో మాత్రం ‘సఫర్’ అన్న క్రియ తన వెంట ‘ఫ్రమ్’ను తెచ్చుకొంటుంది. ఎందుకని అడిగితే తృప్తికరమైన జవాబు దొరకదు. ఆ మాటకొస్తే మనం ఆయనను అడుగుతాం, ఆయనకు చెబుతాం, ఆయనతో మాట్లాడతాం, ఆయన మీద కోపపడతాం; ఎదుట ఉన్నది ఒకే మనిషి అయినా, క్రియను బట్టి ఆ మాట వెనుక చేరేది మారిపోతూ ఉంటుంది. పుట్టినప్పటి నుంచి క్రియతో కలిపి విన్నాం కనుక అది మనకు వింతగా తోచదు. ఇంగ్లీషు క్రియను, దానికి తోడుగా వచ్చే చిన్న మాటను (ప్రిపోజిషన్‌ను) కూడా అలాగే ఒకే మాటగా నేర్చుకోవాలి.

అందుకు ఒక నోటుపుస్తకం చాలు. ఎడమ పేజీలో తెలుగు వాక్యాన్ని, కుడి పేజీలో ఇంగ్లీషు వాక్యాన్ని పూర్తిగా రాసుకోవాలి; ఉత్త క్రియలను జాబితాగా రాసుకొంటే ప్రయోజనం ఉండదు. రెండు పేజీలూ సరిపోలినవాటిపై సమయం వెచ్చించనవసరం లేదు. బస్సు కోసం ఎదురుచూస్తే ‘వెయిట్ ఫర్ ద బస్’ అవుతుంది, శివారు భూములు కాలువ మీద ఆధారపడితే ‘డిపెండ్ ఆన్ ద కెనాల్’ అవుతుంది. ఎర్రసిరాతో గుర్తు పెట్టుకోవలసింది సరిపోలనివాటినే.

అన్నిటికంటె ఎక్కువగా దొర్లే తప్పు, ఇంగ్లీషు అడగని చోట ప్రిపోజిషన్‌ను చేర్చడం. ‘పూడిక గురించి చర్చించాము’ అన్న వాక్యంలోని ‘గురించి’ మన చేత ‘డిస్కస్డ్ అబౌట్’ అని రాయిస్తుంది. ‘వియ్ డిస్కస్డ్ ద సిల్ట్’ అంటే సరిపోతుంది. ‘రావులపాలేనికి చేరాము’ అన్నదానిలోని ‘కి’ కారణంగా ‘రీచ్డ్ టు’ వస్తుంది. ‘రీచ్’కు ఏదీ అక్కరలేదు. అదే అర్థంగల ‘అరైవ్’కు మాత్రం కావాలి: బస్‌స్టాండుకు చేరితే ‘అరైవ్డ్ ఎట్’, రాజమహేంద్రవరం వంటి ఊరికి చేరితే ‘అరైవ్డ్ ఇన్’. గదిలోకి ప్రవేశిస్తే ‘ఎంటర్డ్ ద రూమ్’ అనే అనాలి. కాని రొయ్యల చెరువు కౌలుకు ఒప్పందం చేసుకొంటే ‘ఎంటర్డ్ ఇంటు ఎ లీజ్ అగ్రిమెంట్’ అనాలి. ఈ తప్పుకు నిందనంతా తెలుగు మీద వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. ‘ఎ డిస్కషన్ అబౌట్’, ‘ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్’ అని నామవాచకంగా వాడినప్పుడు ప్రిపోజిషన్ రావడం సరైనదే. నామవాచకం దగ్గర చూసినదాన్ని క్రియకు తగిలించడం వల్లనే ‘రిక్వెస్టెడ్ ఫర్ లీవ్’ పుడుతోంది. కనుక నోటుపుస్తకంలో క్రియను, దాని నామవాచకాన్ని పక్కపక్కన రాసుకోవడం మంచిది.

దీనికి ఎదురు తప్పు, ఉండవలసినదాన్ని వదిలివేయడం. పాటలు వింటాం కనుక ‘లిజన్ సాంగ్స్’ అంటాం; అక్కడ ‘టు’ ఉండాలి. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అనడం కూడా తప్పే. ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’ అనాలి.

ప్రిపోజిషన్ మారితే అర్థం మారే క్రియలకు పుస్తకంలో వేరే పేజీ కేటాయించాలి. భీమవరం దగ్గర రొయ్యల రైతు, కొనుగోలుదారు ధర మాట్లాడుకొంటున్నారని అనుకొందాం. సరుకు బాగుందన్న కొనుగోలుదారు మాటతో రైతు ఏకీభవిస్తే ‘ఎగ్రీ విత్ హిమ్’. తరువాతి వారం డబ్బిస్తానన్న ప్రతిపాదనకు రైతు ఒప్పుకొంటే ‘ఎగ్రీ టు ద ప్రపోజల్’. ఇద్దరికీ ధర కుదిరితే ‘ఎగ్రీ ఆన్ ద ప్రైస్’. మనిషితో, ప్రతిపాదనకు, ధర దగ్గర అని తెలుగులోనూ మూడు రకాలుగా అనవచ్చు కనుక ఈ మూడూ త్వరగానే పట్టుబడతాయి.

ఇంతవరకు చెప్పుకొన్న వాటిలో క్రియ తన అర్థాన్ని వదులుకోలేదు. చిన్న మాట చేరడంతో క్రియ అర్థమే మారిపోయే జంటలు ఇంకొక రకం. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం. అందులో ‘పెట్టు’ ఎక్కడుందని వెదికితే దొరకదు. ‘ఆయన వాడిపై చేయిచేసుకొన్నాడు’ అన్న వాక్యాన్ని చేయి, చేసుకొను అని విడదీసి చూచినా కొట్టాడన్న అర్థం తెలియదు కదా. ఈ జంటలు పరభాషవారికి మిక్కిలి కష్టమైనవని ఇంగ్లీషు నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే ఒప్పుకొన్నాడు.

అయితే వాటిలో ఒక పెద్ద గుంపు మనకు చుట్టమే. తిను అన్నదానికి ‘వేయు’ చేరితే ‘తినివేయు’, అంటే మిగల్చకుండా తినడం. ‘ఈట్ అప్’లోని ‘అప్’ చేసే పని కూడా అదే. ‘ఎండిపోయింది’లోని ‘పోవు’ ఎవరినీ ఎక్కడికీ పంపదు, పని పూర్తయిందని మాత్రమే చెబుతుంది. చెరువు ఎండిపోతే ‘డ్రైడ్ అప్’ అంటారు. తాటాకిల్లు కాలిపోతే ‘బర్న్డ్ డౌన్’, పారవేస్తే ‘థ్రో అవే’, జాబితాలో పేరు కొట్టివేస్తే ‘క్రాస్ అవుట్’. వేయు, పోవు కనబడినప్పుడల్లా ఇంగ్లీషులో అప్, డౌన్, అవుట్, అవే అన్నవాటిలో ఏది వస్తుందో వెదకడం అలవాటు చేసుకొంటే, విడివిడిగా బట్టీపట్టవలసిన భారం చాలావరకు తగ్గుతుంది.

చిన్న మాటను ఎక్కడ ఉంచాలన్న సందేహం వస్తే, నామవాచకం స్థానంలో ‘ఇట్’ పెట్టి చూడాలి. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటరును ఆపమంటే ‘టర్న్ ఆఫ్ ది ఏరియేటర్’, ‘టర్న్ ది ఏరియేటర్ ఆఫ్’ రెండూ సరైనవే. కాని ‘ఇట్’ వచ్చినప్పుడు ‘టర్న్ ఇట్ ఆఫ్’ ఒక్కటే నిలుస్తుంది. ‘లుక్ ఎట్ ఇట్’ను మాత్రం విడదీయలేము. పైకి చదివితే తేడా చెవికే తెలుస్తుంది: మొదటి దానిలో ఊనిక ‘ఆఫ్’ మీద, రెండవదానిలో ‘లుక్’ మీద పడుతుంది.

ఇక ఏది ఇంటి మాట, ఏది అర్జీ మాట అన్న విషయం. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాత ఫ్రెంచి మాటలు, వాటితోపాటు లాటిన్ మాటలు ఇంగ్లీషులో పెద్దయెత్తున చేరి, చదువుకు, సర్కారు కచేరీకి చెందిన మాటలుగా స్థిరపడ్డాయి. మొదలుపెట్టడానికి, ప్రారంభించడానికి మధ్య ఉన్న తేడా వంటిదే ‘పుట్ ఆఫ్’కు, ‘పోస్ట్‌పోన్’కు మధ్య ఉన్న తేడా. అలాగే ‘లుక్ ఇంటు’కు ‘ఇన్వెస్టిగేట్’, ‘సెట్ అప్’కు ‘ఎస్టాబ్లిష్’, ‘టర్న్ డౌన్’కు ‘రిజెక్ట్’, ‘పుట్ అప్ విత్’కు ‘టాలరేట్’ ఉన్నాయి. ఇంటిదగ్గర ‘వియ్ మస్ట్ గెట్ రిడ్ ఆఫ్ దిస్ వీడ్’ అన్న రైతు, పంటకాలువలో గుర్రపుడెక్క తీయించమని ఇంజనీరుకు రాసేటప్పుడు ‘ఐ రిక్వెస్ట్ యు టు ఎరేంజ్ ఫర్ ద రిమూవల్ ఆఫ్ వాటర్ హయసింత్ ఫ్రమ్ అవర్ కెనాల్’ అని రాస్తే మర్యాదగా ఉంటుంది. అలాగని చిన్న మాట ఉన్న ప్రతి జంటా నాసిరకమని భ్రమపడకూడదు; ‘కంప్లై విత్’, ‘కన్సిస్ట్ ఆఫ్’, ‘అప్లై ఫర్’, ‘క్యారీ అవుట్’ ఎంతటి కార్యాలయపు కాగితంలోనైనా నిలుస్తాయి. సంభాషణలో సహజమైన ‘ద ఆఫీసర్ ఐ స్పోక్ టు’ కూడా తప్పు కాదు. అర్జీలో ‘ది ఆఫీసర్ టు హూమ్ ఐ స్పోక్’ అనడం ఇంకొంత గంభీరంగా ఉంటుంది. వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదన్న పట్టుదలకు 1672లో ఇంగ్లీషు కవి డ్రైడెన్ చేసిన ఆక్షేపణ ఒక ఆరంభం. దాన్ని శాసనంగా తీసుకోనక్కరలేదు.

ఉత్తరం రాయడం పూర్తయ్యాక ప్రతి క్రియ కింద గీత గీసి, దాని తోడు మాటను నోటుపుస్తకంతో సరిచూడాలి. చివరి వాక్యాన్ని ఇంకొకసారి చూడడం అవసరం: ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’లోని ‘టు’ ప్రిపోజిషన్ కనుక, దాని తరువాత ‘హియర్ ఫ్రమ్ యు’ అని కాక ‘హియరింగ్ ఫ్రమ్ యు’ అని రాయాలి.