స్టార్ రూబీ కొనేముందు ఫోన్ టార్చి వెయ్యండి

ఒంగోలులోనో, నెల్లూరు చిన్నబజారులోనో స్టార్ రూబీ, స్టార్ నీలం చూస్తుంటే షాపు ట్యూబులైట్ల వెలుతురులో బేరం తేల్చుకోకండి. ఈ కెంపు, నీలాల మీద వెలుగు పడితే కనిపించే నక్షత్రం అక్కడ సరిగ్గా కనపడదు. ఎండలోకి తీసుకెళ్లండి, లేదా పైనుంచి ఫోన్ టార్చి ఒక్కటే వెయ్యండి. రాయిని మెల్లగా వంచితే ఆరు గీతల నక్షత్రం దాని మీద జారుతూ కదలాలి. లోపల మూడు దిక్కుల్లో పరుచుకున్న సన్నటి రూటైల్ అనే ఖనిజపు సూదుల మీద వెలుగు పడి వచ్చే మెరుపది. కదలకపోతే వెనక గీసిందో, రేకు అంటించిందో అయ్యుంటుంది. గీతలు అంచులదాకా మరీ చెక్కినట్టున్నా నాకైతే అనుమానమే. అలాంటివి ఫ్యాక్టరీలో చేసిన స్టార్ రాళ్లు కావచ్చు, వాటిని 1947 నుంచీ అమ్ముతున్నారు. నల్లరాయిలో నాలుగే గీతలు కనిపిస్తే అది చాలావరకు డయోప్సైడ్, చవక రాయి. దానికి నీలం ధర ఇవ్వకండి. ఖరీదు ఎక్కువైతే ల్యాబ్ సర్టిఫికెట్ అడగండి, మొహమాటం వద్దు.