కుక్కకి ఎలర్జీ దురద: ఇంట్లో ఏం చెయ్యొచ్చు, ఏం పూయకూడదు

మా చిట్టి నాటు కుక్క, తిరుపతిలో మా వీధిలోనే పుట్టింది. రెండేళ్ళప్పుడు అక్టోబర్ వానలు మొదలవగానే కాళ్ళు నాకడం స్టార్ట్ చేసింది, రాత్రంతా అదే చప్పుడు, తెల్లారేసరికి వేళ్ళ మధ్య ఎర్రగా పుండు పడిపోయేది. తెలిసినాయన ఒకరు కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పూయమంటే పూసేశాం, అది నాకేసి వాంతులు చేసుకునింది. కర్పూరం కుక్కలకి విషం, నాకితే ఫిట్స్ కూడా రావచ్చు, ఆ సంగతి మాకు డాక్టర్ చెప్పేదాకా తెలీదు. ఇంకెవరూ ఆ పని చెయ్యకూడదనే ఇది రాస్తున్నా.

ముందు ఎక్కడ గోక్కుంటుందో చూడండి. తోక మొదట్లో, నడుం మీద అయితే ఎక్కువసార్లు ఫ్లీస్ (బొచ్చులో ఉండి రక్తం తాగే, ఎగిరి దూకే చిన్న పురుగులు) పనే. దువ్వెనతో దువ్వి రాలిన నల్లటి పొడిని తడి తెల్లకాగితం మీద వేయండి, ఎర్రటి మరక వచ్చిందంటే అది ఫ్లీస్ రెట్ట, దాంట్లో ఉండేది మీ కుక్క రక్తమే. పాదాలు, చంకలు, పొట్ట, మూతి, చెవులు అయితే దుమ్ము, పుప్పొడి లాంటి వాటి ఎలర్జీ గానీ తిండి ఎలర్జీ గానీ కావచ్చు. చెవి అంచులు, మోచేతుల దగ్గర బొచ్చు రాలి ఇంట్లోవాళ్ళకి కూడా దురద వస్తుంటే గజ్జి అయ్యుండొచ్చు, అది ఎలర్జీ కాదు, ఆకులూ పసర్లతో పోదు. అందుకే ఒక్కసారైనా చర్మం గీకి మైక్రోస్కోపులో చూపించుకోండి. మనకి తిరుపతిలో 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉంది కదా, దగ్గర్లో ఉన్నోళ్ళు దాన్ని వాడుకోండబ్బా.

ఇంట్లో చేసేవాటిల్లో మాకు బాగా పనిచేసింది స్నానం. వారానికోసారి, వేడినీళ్ళు అస్సలు వద్దు, వేడి తగిలితే దురద ఇంకా లేస్తుంది. అంగట్లో దొరికే ప్లెయిన్ ఓట్స్ ఒక కప్పు మిక్సీలో మెత్తగా పట్టండి, ఒక స్పూన్ నీళ్ళలో వేస్తే పాలలాగా అవ్వాలి, అవ్వకపోతే ఇంకా పట్టాలి. మసాలా ఓట్స్ వద్దు, వాటిల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, రెండూ కుక్కకి పడవు. ఆ పొడి బకెట్ చల్లనీళ్ళలో కలిపి ఒళ్ళంతా పోసి పది నిమిషాలు అట్లే ఉంచి, పైపైన కడిగి, వేళ్ళ మధ్య, చంకల్లో తడి లేకుండా తుడవండి. చర్మం జిడ్డుగా అయి వాసన వస్తుంటే బాక్టీరియానో ఈస్టో చేరినట్టు, అప్పుడు ఓట్స్ చాలదు, డాక్టర్ రాసిన క్లోర్‌హెక్సిడిన్ షాంపూ కావాలి, అది కూడా పది నిమిషాలు ఉంచితేనే పనిచేస్తుంది, మేం మొదట్లో పూసిన వెంటనే కడిగేసి ఒక బాటిల్ మొత్తం వేస్ట్ చేశాం. వేపాకు కాచి చల్లార్చిన నీళ్ళు ఆఖర్లో పోస్తే పోయండి గానీ అదే మందు అనుకోవద్దు.

బయట తిప్పి రాగానే పాదాలు, పొట్ట మామూలు నీళ్ళతో కడగండి. ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ మొక్క ఎంత పెరిగిపోయిందో చూస్తూనే ఉన్నాం, అది మనుషులకీ పశువులకీ కూడా చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది. ఫినాయిల్ వేసి తుడిచిన నేల మీద తడి ఆరకముందే పడుకోనివ్వద్దు. పక్కబట్టలు వారం వారం వేడినీళ్ళలో ఉతికి మన ఎండలో పడేయండి. ఫ్లీస్ గుడ్లు ఎక్కువగా ఉండేది కుక్క మీద కాదు, అది పడుకునే చోట.

తిండి సంగతికొస్తే ఓపిక కావాలి. పాలు, పెరుగు, చికెన్, బీఫ్, గోధుమ, ఇవే కుక్కలకి ఎక్కువగా పడని తిండ్లు, మనమేమో పెరుగన్నం చలవ అని రోజూ పెడతాం. డాక్టర్‌తో మాట్లాడి, ముందెప్పుడూ తినని మాంసం ఒకటి, గెనుసుగడ్డ లాంటిది ఒకటి, ఈ రెండే ఎనిమిది వారాలు పెట్టాలి. చిట్టికి మేం చేప, గెనుసుగడ్డ పెట్టాం. మధ్యలో ఒక్క బిస్కెట్ కూడా వద్దు, ఫ్లేవర్ ఉన్న మాత్ర కూడా లెక్కే. మా ఇంట్లో ఐదో వారం చుట్టాలొచ్చి లడ్డూ ప్రసాదం పెట్టేశారు, మళ్ళీ మొదటి నుంచి మొదలు. అసలు ఎలర్జీ లేని కుక్కకి కూడా లడ్డూ పెట్టకండి, అందులో ఉండే ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలు పాడు చేస్తుంది. దురద తగ్గితే పాత తిండి తిరిగి పెట్టి చూడాలి, రెండు వారాల్లోపు మళ్ళీ గోకితే తిండే కారణం. ఇట్లా రెండే వస్తువులతో ఏళ్ళ తరబడి పెట్టకూడదు, కాల్షియం సరిపోదు.

ఫిష్ ఆయిల్ మంచిదే. లేబుల్ మీద ఈపీఏ, డీహెచ్ఏ (చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వులు) రెండూ కలిపి లెక్క చూడండి, పది కిలోల కుక్కకి రోజుకి 500 మిల్లీగ్రాములు అటూఇటూ, మీ కుక్కకి ఎంతో డాక్టర్‌ని అడగండి. ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. కాడ్ లివర్ ఆయిల్ వద్దు, అందులో విటమిన్ ఏ, డీ ఎక్కువైపోతాయి. అవిసె నూనె కుక్క ఒంట్లో చాలా తక్కువగానే పనికొచ్చే రూపంలోకి మారుతుంది. హోమియో మాత్రలు మేం మూడు నెలలు వాడాం, ఏం తేడా రాలేదు.

పూయకూడనివి: టీట్రీ ఆయిల్, కిరసనాయిలు, బండి పాత ఇంజిన్ ఆయిల్, పచ్చిపుండు మీద వెనిగర్. కలబంద పూయాలంటే లోపలి తెల్ల గుజ్జు మాత్రమే, తొక్క కింద వచ్చే పసుప్పచ్చ రసం నాకితే విరేచనాలు అవుతాయి. మన ఇంట్లో ఉండే పారాసిటమాల్, బ్రూఫెన్ మాత్రలు ఇవ్వద్దు. సిట్రజిన్ కొందరు ఇస్తారు, దాని పవర్ కొంచమే, పేరు పక్కన డీ ఉన్న రకమైతే అస్సలు వద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

డాక్టర్ స్టెరాయిడ్ రాస్తే, దురద తగ్గింది కదా అని మీరే టక్కున ఆపేయకండి, మెల్లిగా తగ్గించుకుంటూ రావాలి. మూతి వాచినా, ఊపిరి తీసుకోడానికి ఇబ్బంది పడినా ఇవన్నీ పక్కనపెట్టి ఆ నిమిషమే తీసుకెళ్ళండి.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. రోజూ రాత్రి దురదకి పదికి ఎన్ని మార్కులో, ఆ రోజు ఏం తినిందో, వాన పడిందా, స్నానం చేయించామా, ఇంతే రాయండి. చిట్టికి వానాకాలంలోనే ఎక్కువ అవుతోందని మా డాక్టర్ పట్టుకునింది ఆ పుస్తకంలోనే, ఇప్పుడు సెప్టెంబర్ ఆఖర్లోనే స్నానాలు వారానికి రెండు చేసేస్తున్నాం.